బ్రిటన్‌లో డిస్టెన్స్ రన్నింగ్: ఆసరా ఎంత, ఎన్నేళ్ళు నిలబడొచ్చు?

మీరు అడిగింది ఇదీ: మీరు రెడింగ్‌లో ఉంటున్నారు. అబ్బాయికి 17 ఏళ్ళు, 3000, 5000 మీటర్ల పరుగులో కౌంటీ స్థాయిలో పతకాలు తెస్తున్నాడు. ఎ-లెవెల్స్ అయ్యాక యూనివర్సిటీ పక్కన పెట్టి పూర్తిగా పరుగు మీదే ఉంటానంటున్నాడు. ఈ దేశం ఎలైట్ రన్నర్లకు ఎంతవరకు ఆసరా ఇస్తుంది, మీ బంధువు ఒకరు అన్నట్టు ముప్పై రాగానే అంతా అయిపోతుందా, ఇంట్లో అందరూ శాకాహారులు కాబట్టి ఇబ్బందా? నేను ఇంగ్లండ్‌లో చాలా ఏళ్ళుగా ఫిజియోగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది డిస్టెన్స్ రన్నర్లే. సాయంత్రాలు ఒక క్లబ్‌లో కోచింగ్‌కు సాయపడతాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఆసరా ఉంది, మంచి ఆసరానే. కానీ అది పతకం వచ్చేలా కనబడ్డాక వస్తుంది. గాయమై ఒకటి రెండు సీజన్లు పోతే అన్నిటికంటే ముందు అదే పోతుంది. ఎక్కువ కాలం నిలిచిన బ్రిటిష్ రన్నర్లు ఎవరూ దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని నిలవలేదు. కాబట్టి అబ్బాయి యూనివర్సిటీ మానకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు వచ్చింది ఒకే ఒక్క బంగారు పతకం. పతకాల పట్టికలో 36వ స్థానం. ఆ దెబ్బ తర్వాతే నేషనల్ లాటరీ డబ్బును క్రీడాకారుల మీద గట్టిగా పెట్టడం మొదలైంది, 1997లో ఆ డబ్బును పంచే యూకే స్పోర్ట్ అనే సంస్థ ఏర్పడింది. ఆ డబ్బు రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి యూకే అథ్లెటిక్స్ లాంటి క్రీడా సంఘాలకు. కోచ్‌లు, ఫిజియోలు, డాక్టర్లు, ఫాంట్ రోమ్యూ, ఫ్లాగ్‌స్టాఫ్ లాంటి ఎత్తైన చోట్ల శిక్షణ శిబిరాలు, వీటన్నిటి ఖర్చు అందులోంచే. రెండోది నేరుగా అథ్లెట్ ఖాతాలో పడే గ్రాంట్, దాన్ని అథ్లెట్ పెర్ఫార్మెన్స్ అవార్డ్ అంటారు. దాని మీద పన్ను లేదు. చాలాకాలం పాటు పై శ్రేణిలో ఉన్నవాళ్ళకు ఏడాదికి సుమారు 28 వేల పౌండ్ల వరకు ఇచ్చేవారు, కింది శ్రేణులకు అంతకంటే బాగా తక్కువ. స్పాన్సర్ల వల్ల ఆదాయం ఒక పరిమితి దాటితే ఆ మేరకు కోత పడుతుంది.

ఈ ఆసరా అందుకునేవాళ్ళ జాబితా ఒకటుంటుంది, అందులో ఎవరుండాలో ఏటా సమీక్షిస్తారు. వాళ్ళు చూసేది పిల్లవాడు ఎంత కష్టపడుతున్నాడని కాదు, వచ్చే ఒలింపిక్స్‌లోనో ఆ పై దాంట్లోనో పతకం తేగలడా అని. డిస్టెన్స్ రన్నింగ్‌లో ఈ లెక్క చాలా కఠినం. కెన్యా, ఇథియోపియా, ఉగాండా వాళ్ళ మధ్య దూరి పతకం తెస్తాడని 20 ఏళ్ళ బ్రిటిష్ కుర్రాడి గురించి ఎవరు రాసివ్వగలరు? అందుకే ఆ జాబితాలో మారథాన్, 10,000 మీటర్ల వాళ్ళు ఎప్పుడూ కొద్దిమందే ఉంటారు. ప్రపంచ ర్యాంకింగ్ ద్వారా పోటీకి ఆహ్వానం వచ్చినా, తమ ప్రమాణాలు అందుకోలేదని కొందరు బ్రిటిష్ అథ్లెట్లను 2023 బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌కూ, 2024 పారిస్ ఒలింపిక్స్‌కూ పంపలేదు. అప్పుడు పెద్ద గొడవే జరిగింది. నా మటుకు అది అన్యాయమే అనిపించింది. 24 ఏళ్ళకు ఒక పెద్ద పోటీలో పదిహేనో స్థానంలో వచ్చిన అనుభవం 28 ఏళ్ళకు ఎనిమిదో స్థానం అవుతుంది. ఆ మొదటి మెట్టే ఎక్కనివ్వకపోతే రెండోది ఎక్కడి నుంచి వస్తుంది?

మీరు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈ గ్రాంట్ జీతం కాదు. జెస్ వార్నిష్ అనే సైక్లిస్టును జట్టులోంచి తీసేసినప్పుడు, తాను ఉద్యోగిలాంటిదాన్నేనని బ్రిటిష్ సైక్లింగ్, యూకే స్పోర్ట్‌ల మీద ట్రిబ్యునల్‌కు వెళ్ళింది. ఓడిపోయింది. 2020లో అప్పీలు కూడా కొట్టేశారు. అంటే లాటరీ గ్రాంట్ మీద బతికే అథ్లెట్‌కు ఉద్యోగికి ఉండే హక్కులు లేవు, యజమాని కట్టే పెన్షన్ లేదు. పదేళ్ళు ఆ గ్రాంట్ మీదే ఉన్నవాళ్ళు 32 ఏళ్ళకు బయటికొస్తే చేతిలో సర్టిఫికెట్టూ ఉండదు, పెన్షన్ పొదుపూ ఉండదు. 2017లో మాజీ పారాలింపిక్ ఛాంపియన్ టానీ గ్రే-థాంప్సన్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక కూడా క్రీడాకారుల సంక్షేమం గురించి, ఆట నుంచి బయటికొచ్చేవాళ్ళను చూసుకోవడం గురించి గట్టిగానే మాట్లాడింది. ఆ తర్వాత కొంత మెరుగైంది. యూకే స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువు, ఉద్యోగం గురించి సలహా ఇచ్చేవాళ్ళున్నారు. గర్భిణులైన అథ్లెట్లకు ప్రసవం తర్వాత కొన్ని నెలల వరకూ ఫండింగ్ ఆగకుండా 2021లో మార్గదర్శకాలు వచ్చాయి. కానీ ఇవన్నీ జాబితా లోపల ఉన్నవాళ్ళకు. మీ అబ్బాయి ఇప్పుడు బయట ఉన్నాడు. ఇంకో అయిదారేళ్ళు బయటే ఉండొచ్చు.

ఇక షూ కంపెనీల ఒప్పందాలు. పేరున్న కొద్దిమందికి తప్ప వాటితో ఇల్లు గడవదు. చాలామందికి దొరికేది బూట్లు, బట్టలు, కొంత బోనస్. ఏడాదిలో ఇన్ని పోటీలు పరిగెత్తకపోతే, ర్యాంక్ పడిపోతే డబ్బు తగ్గిస్తామనే షరతులు చాలా ఒప్పందాల్లో ఉంటాయి. గాయం మానకముందే రేసులో దిగే రన్నర్లను చూసినప్పుడల్లా నాకు ముందు ఆ షరతులే గుర్తొస్తాయి.

మరి డబ్బు లేని రోజుల్లో బ్రిటన్ ఎలా గెలిచింది? రాన్ హిల్ 1970 ఎడిన్‌బరో కామన్వెల్త్ గేమ్స్ మారథాన్‌ను 2:09:28లో గెలిచాడు. ఆయన వస్త్ర రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసిన ఉద్యోగి, ఆఫీసుకు పరిగెత్తుకుంటూ వెళ్ళేవాడు. చార్లీ స్పెడింగ్ ఫార్మసిస్టు, 1984 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్ మారథాన్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా బ్రిటన్‌కు ఒలింపిక్ మారథాన్ పతకం లేదు. సిడ్నీ, ఏథెన్స్‌లలో జాన్ బ్రౌన్, పారిస్‌లో ఎమిల్ కైరెస్ నాలుగో స్థానం దాకా వచ్చి ఆగారు. స్టీవ్ జోన్స్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో విమానాల టెక్నీషియన్. 1985లో షికాగోలో 2:07:13 పరిగెత్తాడు. ఆ బ్రిటిష్ రికార్డు 33 ఏళ్ళు అలాగే ఉంది, 2018లో మో ఫరా వచ్చి బద్దలు కొట్టేదాకా. లాటరీ డబ్బు వచ్చాక కూడా రెండు దశాబ్దాలు దాన్ని ఎవరూ అందుకోలేకపోయారు.

పేదరికం మంచిదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ రోజుల్లో వాళ్ళకు ఉన్నది క్లబ్. వారం మధ్యలో ఒక సాయంత్రం ట్రాక్ దగ్గరికి వెళ్తే తమకంటే వేగంగా పరిగెత్తేవాళ్ళు పది మంది ఉండేవారు. శీతాకాలమంతా బురదలో క్రాస్ కంట్రీ, వసంతంలో సటన్ పార్క్‌లో రోడ్ రిలేలు. కోచ్‌లు పైసా తీసుకోని వాలంటీర్లు, ఇరవై ఏళ్ళైనా అదే చోట ఉండేవాళ్ళు. గాయమై ఏడాది పరిగెత్తలేకపోయినా నువ్వు మా వాడివే అనే మనుషులు ఉండేవాళ్ళు. ఇప్పటికీ మంచి క్లబ్బుల్లో ఇది మిగిలుంది. మీ అబ్బాయికి ఇప్పుడు చేతిలో ఉన్న అసలైన ఆసరా అదే. పెద్ద సెంటర్ నుంచి పిలుపు వచ్చినా క్లబ్‌తో, ఇప్పటి కోచ్‌తో సంబంధం తెంచుకోనివ్వకండి.

ఫరా విషయానికి వస్తే, ఆయన మలుపు కూడా డబ్బుతో మొదలవలేదు. 2005లో టెడింగ్టన్‌లో కెన్యా రన్నర్లున్న ఇంట్లో చేరాడు. వాళ్ళు తినడం, పరిగెత్తడం, పడుకోవడం తప్ప ఇంకేమీ చేయకపోవడం దగ్గర నుంచి చూశాడు. దగ్గర్లోని ట్వికెన్‌హామ్‌లో సెయింట్ మేరీస్ యూనివర్సిటీ ఉంది, లండన్ మారథాన్ సాయంతో అక్కడ దూర పరుగుల శిక్షణకు ఎండ్యూరెన్స్ సెంటర్ నడిచింది. ఫరా మొదటి ఒలింపిక్ స్వర్ణం గెలిచేనాటికి 29 ఏళ్ళు. 33 ఏళ్ళకు రియోలో మళ్ళీ రెండు. 2023లో 40 ఏళ్ళకు గ్రేట్ నార్త్ రన్ అనే హాఫ్ మారథాన్‌తో ఆపాడు.

ముప్పైకి అయిపోతుందన్న మాటకు జవాబు ఇక్కడే ఉంది, కానీ నాకు ఫరా కంటే జో పేవీ ఉదాహరణే ఎక్కువ నచ్చుతుంది. ఆమె కూడా చదువుకున్న ఫిజియో. మోకాలి గాయంతో ఇరవైల మధ్యలో దాదాపు రెండేళ్ళు పోయాయి. మొదటి ఒలింపిక్స్ 2000లో, 27వ ఏట. 2014 ఆగస్టులో జ్యూరిక్‌లో యూరోపియన్ 10,000 మీటర్ల స్వర్ణం గెలిచినప్పుడు ఆమెకు 40 ఏళ్ళు, రెండో బిడ్డ పుట్టి ఏడాది కూడా కాలేదు. భర్తే కోచ్. రియో ఆమెకు అయిదో ఒలింపిక్స్. క్రిస్ థాంప్సన్ 2010లో యూరోపియన్ 10,000 మీటర్లలో ఫరా వెనక రజతం తెచ్చి, ఆ తర్వాత గాయాలతో ఏళ్ళు పోగొట్టుకున్నాడు. 2021 మార్చిలో క్యూ గార్డెన్స్‌లో జరిగిన ఒలింపిక్ ట్రయల్స్ మారథాన్‌ను 39 ఏళ్ళ వయసులో 2:10:52లో గెలిచాడు. ఐలిష్ మెకోల్గన్ స్టీపుల్‌చేజ్‌లో (అడ్డంకులు, నీటి గుంట దూకుతూ పరిగెత్తే పోటీ) పాదాలు, చీలమండల గాయాలతో విసిగి చదును ట్రాక్‌కు మారింది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో 31 ఏళ్ళకు 10,000 మీటర్ల స్వర్ణం గెలిచింది.

ఇంకా విచిత్రమైనది జార్జియా బెల్ కథ. స్కూలు వయసులో పెద్ద పేరు, అమెరికా యూనివర్సిటీకి వెళ్ళింది, గాయాలతో 2017 ప్రాంతంలో పరుగే మానేసింది. సైబర్ సెక్యూరిటీ ఉద్యోగంలో చేరింది. కోవిడ్ రోజుల్లో మళ్ళీ మొదలుపెట్టి, 2024 పారిస్‌లో 1500 మీటర్ల కాంస్యం తెచ్చింది, అదీ బ్రిటిష్ రికార్డుతో. అప్పటికి ఆమెకు 30. ఉద్యోగం ఉండబట్టే తొందరపడకుండా తిరిగి రాగలిగిందని నా నమ్మకం. రోజ్ హార్వీ లాయరు, కోవిడ్‌లో ఉద్యోగం పోయాక పరుగు మీద పూర్తిగా దృష్టి పెట్టి పారిస్ ఒలింపిక్ మారథాన్ దాకా వెళ్ళింది. అయితే ఆ రేసును తొడ ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తోనే (మాటిమాటికీ పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని పగులు) పూర్తి చేసింది. ఆమె ధైర్యానికి దణ్ణం పెడతాను, కానీ మీ అబ్బాయి ఆ పని చేయకూడదు.

అంటే ప్రమాదం ముప్పైలో లేదు. 18 నుంచి 23 మధ్య ఉంది. జూనియర్‌గా మెరిసి సీనియర్‌గా కనబడకుండా పోయేవాళ్ళు ఆ అయిదేళ్ళలోనే పోతారు. నా టేబుల్ మీదికి వచ్చే కేసులు దాదాపు ఒకే దారిలో వస్తాయి. ఇల్లు వదిలి కొత్త చోటికి వెళ్తారు, అక్కడి సీనియర్లతో సమానంగా వారానికి మైళ్ళు పెంచేస్తారు, సొంతంగా వండుకోవడం సరిగ్గా రాదు, నిద్ర తగ్గుతుంది. టైమింగ్స్ మొదట్లో అద్భుతంగా పడతాయి, దాంతో ఎవరికీ అనుమానం రాదు. శీతాకాలం చివరికి మోకాలి కింది ముందు ఎముకలో ఒకే చోట వేలు పెడితే తెలిసే నొప్పి.

గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే కొత్త శ్రమకు అలవాటు పడతాయి. ఎముకకు నెలలు కావాలి. ఆటోకి లారీ ఇంజన్ బిగించినట్టు, శక్తి ముందు వచ్చేస్తుంది, మోసే చట్రం వెనకబడుతుంది. మోకాలి కింది ముందు ఎముకకు వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చర్లు చాలావరకు విశ్రాంతితో మానతాయి. పాదం మధ్యలో ఉండే నావిక్యులర్ అనే చిన్న ఎముకకో, తుంటి దగ్గర తొడ ఎముక మెడకో వస్తే కథ వేరు, నిర్లక్ష్యం చేస్తే ఆపరేషన్ దాకా పోవచ్చు. గజ్జల దగ్గర నొప్పి వచ్చి, ఒంటికాలి మీద గెంతితే ఎక్కువైతే, ఆ రోజే పరుగు ఆపించండి. ఇక్కడే సిస్టమ్ లోపలికీ బయటికీ ఉన్న తేడా బాగా కనిపిస్తుంది. జాబితాలో ఉన్న అథ్లెట్‌కు రోజుల్లో ఎంఆర్ఐ అవుతుంది. బయట ఉన్న పిల్లవాడు ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వరుసలో నెలలు ఆగొచ్చు, ఈలోపు నొప్పి తగ్గిందని మళ్ళీ పరిగెత్తుతాడు. స్తోమత ఉంటే, బూట్ల మీద పెట్టే డబ్బు తగ్గించి అలాంటి స్కాన్ కోసం కొంత పక్కన పెట్టుకోండి.

దీని వెనక తిండి సమస్య కూడా ఉంటుంది. చేసే శ్రమకు సరిపడా తినకపోతే శరీరం ఎముకలు, హార్మోన్ల పనిని తగ్గించుకుంటుంది. దీన్ని రెడ్-ఎస్ అంటారు, 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆ పేరుతో అధికారికంగా చెప్పింది. బాబీ క్లే అనే అమ్మాయి 2015లో 1500 మీటర్ల యూరోపియన్ జూనియర్ ఛాంపియన్. 20 ఏళ్ళకే ఆస్టియోపొరోసిస్ వచ్చిందని, అప్పటిదాకా తనకు నెలసరే రాలేదని 2017లో బహిరంగంగా చెప్పింది. ఆ మాట ఎంతమంది తల్లిదండ్రుల కళ్ళు తెరిపించిందో నేను చూశాను. ఇది ఆడపిల్లల సమస్య మాత్రమే అనుకోకండి. అబ్బాయిల్లో నెలసరి లాంటి గుర్తు ఉండదు కాబట్టి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. వదలని అలసట, మాటిమాటికీ జలుబు, చిరాకు, ఎదిగే వయసులో బరువు పెరగకపోవడం కనబడితే తీసుకెళ్ళి చూపించండి. సన్నబడితే వేగం పెరుగుతుందని ఎవరైనా, కోచ్ అయినా సరే, 17 ఏళ్ళ పిల్లవాడితో అంటే అక్కడి నుంచి తీసుకొచ్చేయండి.

చదువు విషయం. ఇక్కడి యూనివర్సిటీల్లో చదువుతూ పరిగెత్తడానికి ఏర్పాట్లు బాగానే ఉన్నాయి. లఫ్‌బరో, సెయింట్ మేరీస్, లీడ్స్, బర్మింగ్‌హామ్‌లలో బలమైన గ్రూపులున్నాయి. టాస్ అనే స్కాలర్‌షిప్ పథకం కింద నగదు కంటే ఫిజియో, స్ట్రెంగ్త్ కోచింగ్, పోషకాహార సలహా, చదువు సర్దుబాటు దొరుకుతాయి, ఆ వయసులో అవే ఎక్కువ విలువైనవి. స్పోర్ట్స్ ఎయిడ్ అనే చారిటీ కూడా యువ అథ్లెట్లకు చిన్న మొత్తాలు ఇస్తుంది. క్రీడా సంఘం సిఫారసు కావాలి, కోచ్‌ను అడగండి. అమెరికా స్కాలర్‌షిప్ ఆశ పెద్దదే, ఫీజు మిగులుతుంది, పోటీ గొప్పగా ఉంటుంది. పాట్రిక్ డెవర్ లాంటివాళ్ళు అక్కడికి వెళ్ళి బాగుపడ్డారు, 2021లో అక్కడి కాలేజీల ఛాంపియన్‌షిప్‌లో 10,000 మీటర్లు గెలిచాడు. కానీ అక్కడ క్రాస్ కంట్రీ, ఇండోర్, అవుట్‌డోర్ అని ఏడాదికి మూడు సీజన్లు, మూడింట్లోనూ కాలేజీకి పాయింట్లు కావాలి. ఎవరు పిలిచినా ఒక్కటి అడగండి: గాయమై ఏడాది పరిగెత్తలేకపోతే స్కాలర్‌షిప్ ఏమవుతుంది? పోయిన నాలుగేళ్ళలో చేరినవాళ్ళలో ఇంకా ఎంతమంది పరిగెత్తుతున్నారు? సూటిగా చెప్పని కోచ్ దగ్గరికి పంపొద్దు.

పౌరసత్వం మాట మీరు అడగలేదు, కానీ మన కుటుంబాల్లో ఇది తర్వాత తలనొప్పి అవుతుంది. బ్రిటన్ తరఫున అంతర్జాతీయ పోటీలకు వెళ్ళాలంటే బ్రిటిష్ పౌరసత్వం కావాలి. భారత్ ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. క్లబ్ పోటీలకు ఇది అడ్డు కాదు కాబట్టి ఇప్పుడే టెన్షన్ పడక్కర్లేదు, ఇంట్లో మాట్లాడుకుని ఉంచుకోండి.

శాకాహారం గురించి. దానివల్ల ఇబ్బంది ఏమీ లేదు, లెక్క చూసుకోవాలి అంతే. అన్నం భయం లేకుండా తిననివ్వండి, రన్నర్‌కు అది ఇంధనం. పప్పు, పెరుగు, పనీర్, గుడ్డు తినేట్టయితే గుడ్డు, ప్రతి పూటా ఏదో ఒకటి ఉండాలి. పరుగు నుంచి రాగానే స్నానానికి ముందే ఏదైనా తినాలి. ఐరన్ మీద గట్టి నిఘా పెట్టండి: హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) అడుగంటిన పిల్లలు చాలామంది వస్తారు నా దగ్గరికి. అన్నం తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే ఐరన్ ఒంటబట్టదు, గంట ఆగమనండి. బి12 కూడా చూపించండి. విటమిన్ డి విషయంలో, మన చర్మపు రంగు వాళ్ళు ఈ దేశంలో ఏడాది పొడవునా రోజుకు 10 మైక్రోగ్రాములు తీసుకోవడం గురించి ఆలోచించాలని ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది. ఐరన్ మాత్రలు మాత్రం పరీక్ష లేకుండా సొంతంగా మొదలుపెట్టకండి.

ఊరి నుంచి అమ్మమ్మగారు పంపే లేహ్యాలు, పొడులు, జిమ్ షాపు ప్రొటీన్ డబ్బాలు అబ్బాయికి ఇవ్వకండి. డోపింగ్ పరీక్షలో ఏది దొరికినా బాధ్యత పూర్తిగా అథ్లెట్‌దే, తెలియక తిన్నానంటే వినరు. ఏదైనా సప్లిమెంట్ తప్పదనుకుంటే నిషేధిత పదార్థాల కోసం పరీక్షించారని చెప్పే ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ గుర్తు ఉన్నది కొని, ఆ బ్యాచ్ నంబరు వాళ్ళ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

ఇప్పుడు చేయాల్సింది జీపీ (మీ ఫ్యామిలీ డాక్టర్) దగ్గర రక్త పరీక్ష. రిపోర్ట్ వచ్చాక జీపీ ఏమన్నారో, అబ్బాయి వారానికి ఎన్ని మైళ్ళు పరిగెత్తుతున్నాడో, గత ఏడాది ఎన్ని ఉండేవో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి ఈ శీతాకాలం ఎంత పెంచొచ్చో చెబుతాను.